నడి సరస్సులో ఆగిన కారు

నాన్న కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. ఆయన లెక్కలో మాటలు అయిపోయాయన్నమాట.

"కూర్చో ఆర్డెల్," అంది అమ్మ.

"రేపు పదింటికి పాస్టరుగారు కారు తెస్తారు. మార్లిస్ పెట్టె సర్ది ఉంచు. అంతే."

"నీకు అంతే. నేనింకా మొదలే పెట్టలేదు."

"నాకు షెడ్డులో పనుంది ఐనెజ్."

"ఆదివారం పూట ఏం పని? ఏ మోటారుకి ప్రాణం పోతోంది?"

నాన్న వెనక తలుపు వైపు నడిచాడు. మూడు వారాలుగా ఇదే వరస. అమ్మ నోరు తెరవగానే ఆయనకి షెడ్డు గుర్తొచ్చేది. పడవల మోటార్లు బాగుచేసే షెడ్డు అది. లోపల్నుంచి గడియ పెట్టుకున్నాడంటే భోజనాల వేళకి గానీ బయటికి రాడు. మా ఊళ్ళో ప్రతి మగవాడికీ అలాంటి షెడ్డు ఒకటి ఉండేది. నిలబడ్డ కాపురాలన్నీ ఆ షెడ్ల చలవేనని మా నాయనమ్మ అంటూండేది.

మార్లిస్ అక్క బల్ల దగ్గర తల దించుకుని బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. దానికి పందొమ్మిదేళ్ళు, నాలుగో నెల. ఆ సంగతి మా నలుగురికీ పాస్టరుగారికీ తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. దానికి కారణమైన అబ్బాయి డులూత్ వెళ్ళి ఖనిజం మోసే ఓడలో చేరిపోయాడు. ఒక్క ఉత్తరం ముక్క కూడా లేదు.

నాన్నా పాస్టరుగారూ కూర్చుని తేల్చిన దారి ఒకటుంది. అక్క సోమవారం సెయింట్ పాల్ వెళ్ళి, ఇలాంటి ఆడపిల్లల్ని ఉంచుకునే ఒక ఇంట్లో పురుడయ్యేదాకా ఉండాలి. బిడ్డని అక్కడే ఎవరో మంచివాళ్ళ చేతుల్లో పెడతారు. క్రిస్మస్ అయ్యాక అక్క తిరిగొస్తుంది. ఊరికి చెప్పే అబద్ధం కూడా తయారైపోయింది, పిన్ని దగ్గర టైపు నేర్చుకుంటోందని. అమ్మ మాత్రం పురుడు ఈ ఇంట్లోనే, బిడ్డా ఈ ఇంట్లోనే అంటోంది.

నాన్న చెయ్యి తలుపు గడియ మీద పడింది. అమ్మ గొంతు ఉన్నట్టుండి మెత్తబడింది.

"సరే, వదిలెయ్. సరస్సు అవతలి ఒడ్డుకి వెళ్ళొద్దాం. మీ అమ్మ సమాధి మీద పూలు పెట్టి నెలైంది."

నాన్న ఆగాడు. తల్లి పేరెత్తితే ఆయన కాదనలేడు. అమ్మకి ఆ సంగతి బాగా తెలుసు.

"పొయ్యిలో మాంసం?" అన్నాడు.

"మంట తగ్గిస్తాను. గంటలో వచ్చేస్తాం. ట్వైలా, పెరట్లో పూలు కోసుకురా. మార్లిస్, కత్తి పక్కన పెట్టి లే. అందరం వెళ్తున్నాం."

నాకప్పుడు పన్నెండేళ్ళు. పరిగెత్తుకెళ్ళి దొరికిన పూలన్నీ కోసుకొచ్చాను. గొడవ చల్లారిందనుకుని సంబరపడ్డాను, పిచ్చిదాన్ని.

ఇక్కడ మా కారు గురించి కాస్త చెప్పుకోవాలి. లేకపోతే ఆవేళ అమ్మ చేసిన పని అర్థం కాదు.

రోడ్డు మీద అది కారు, నీళ్ళలో పడవ. జర్మనీలో తయారైంది. లేత నీలం రంగు, మడిచి వెనక్కి పడేసే గుడ్డ పైకప్పు. వెనక అడుగున రెండు చిన్న పంకాలుండేవి. నీళ్ళలోకి దిగాక ఒక మీట లాగితే అవి తిరిగేవి. ముందు చక్రాలే చుక్కాని. లోపలికి ఊరిన నీటిని తోడెయ్యడానికి ఒక పంపు ఉండేది, తాళం తిప్పితేనే పనిచేసేది. నీళ్ళలోంచి వచ్చిన ప్రతిసారీ వెనక సీటు ఎత్తి దాని కీళ్ళన్నిటికీ గ్రీజు పెట్టాలి. ఆ చాకిరీ అంతా నాన్నది.

నాన్న లాంటి మనిషి దాన్ని ఎందుకు కొన్నాడో ఈ రోజుకీ నాకు అంతు పట్టదు. చొక్కా రంగు మార్చాలన్నా నెల్లాళ్ళు ఆలోచించే మనిషి. మోటార్ల సామాను తెస్తానని మినియాపొలిస్ వెళ్ళి ఆ కారులో తిరిగొచ్చాడు. అమ్మ గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "దీని లంగరు ఏదీ?" అని అడిగింది. ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ పడీ పడీ నవ్వారు. వాళ్ళు అలా నవ్వగా నేను మళ్ళీ చూడలేదు.

అది మా ఇంట్లో తొమ్మిదేళ్ళు ఉంది. ఇప్పుడు ఎవరైనా దాని గురించి అడిగితే నవ్వొచ్చే సంగతులే చెబుతాను. ఊరికి కొత్తగా వచ్చిన పోలీసాయన మేం మునిగిపోతున్నామనుకుని బూట్లతో నడుం లోతు దాకా పరిగెత్తుకొచ్చింది చెబుతాను. రొట్టె ముక్కల కోసం బాతులు మా వెనకే బారులు తీరడం చెబుతాను. మొదటి రోజు నాన్న నీళ్ళలో బ్రేకు తొక్కి, అది ఆగదని గుర్తొచ్చేలోపు హిల్డర్ స్కోగ్ ముసలమ్మగారి చెక్క రేవుని గుద్దెయ్యడం చెబుతాను. ఆవిడ గాలం కర్ర చేతిలోంచి వదలకుండానే, "కాఫీ తాగుతావా ఆర్డెల్?" అని అడిగింది. ఆ రోజు నుంచీ రోడ్డు మీద నాన్న, నీళ్ళ మీద అమ్మ తోలేవాళ్ళు. సరస్సులోకి దిగే వాలు దగ్గర ఇద్దరూ మాట్లాడకుండా సీట్లు మారేవాళ్ళు.

ఆ జూలై ఆదివారం సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. అక్క ఉండగా చెప్పాలనిపించలేదు. ఇప్పుడు అక్క లేదు.

వాలు దగ్గర నాన్న దిగాడు, అమ్మ స్టీరింగు ముందుకు జరిగింది. నాన్న చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూలబడి తలుపు ధడాలున వేశాడు.

ఆ కారు తలుపులకి మామూలు గొళ్ళెం కాకుండా కిందగా రెండో గొళ్ళెం ఉండేది. దాన్ని నొక్కితే తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బిగుసుకుని నీరు లోపలికి రాదు. అందుకే దిగే ముందు అమ్మ పైకి అడిగేది, ఎవరి తలుపు వాళ్ళు పైకి చెప్పేవాళ్ళు. మా ఇంట్లో అది భోజనానికి ముందు చేసే ప్రార్థన లాంటిది. ఎవరూ మానేవాళ్ళు కాదు.

"గొళ్ళేలు?" అంది అమ్మ. "నాది వేశాను."

అటువైపు నుంచి మాట రాలేదు. నాన్న సరస్సు వంక చూస్తూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

అమ్మ మామూలుగా అయితే మళ్ళీ అడిగేది. ఆవేళ అడగలేదు. మాట్లాడని మనిషిని బతిమాలబుద్ధి కాలేదేమో. గేరు వేసి కారుని వాలులోకి వదిలింది. ముందు భాగం నీళ్ళలో మునిగి లేచింది, వెనక పంకాలు తిరగడం మొదలుపెట్టాయి.

ఇంజను వెనక సీటు కిందే కాబట్టి ఆ చప్పుడుకి చెవులు చిల్లులు పడేవి. నీళ్ళ మీద ఉన్నంతసేపూ మేం ఒకరితో ఒకరు అరుచుకునే మాట్లాడేవాళ్ళం. "ఉప్పు బిస్కెట్లు ఇటివ్వు" అనాలన్నా అరవాలి. కారు కొన్న ఆ నాలుగేళ్ళలో అది అలవాటైపోయింది. కారు నీళ్ళలో దిగిందంటే గొంతు దానంతటదే పెరిగేది.

ఆవేళ ఎవరూ ఏమీ అరవలేదు. నేనూ అక్కా వెనక సీట్లో ఉన్నాం. నా ఒళ్ళో పూలు, అక్క ఒళ్ళో దాని చేతులు. ఒడ్డున మధ్యాహ్నపు భోజనాలకి ముందు అందరూ రేవుల మీదికి చేరారు. చర్చి బట్టల్లోనే ఉన్నవాళ్ళు కొందరు, ఈతకి దిగినవాళ్ళు కొందరు. చేతులూపారు. మేమూ ఊపాం. నాన్న టోపీ తీసి మరీ ఊపాడు.

సరిగ్గా నడి సరస్సులోకి వచ్చాక అమ్మ ఇంజను ఆపేసింది.

అంత చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయేసరికి నేను ఒళ్ళో పూలు గట్టిగా పట్టుకున్నాను. కారు తన ఊపులోనే కొంత ముందుకు జారి నిలిచిపోయింది.

"ఏమైంది?" అన్నాడు నాన్న.

"ఏమీ కాలేదు." అమ్మ తాళం పీకి గుప్పిట్లో పెట్టుకుంది. "ఇక్కడ షెడ్డు లేదు ఆర్డెల్. ఇప్పుడు మాట్లాడు."

నాన్న చుట్టూ చూశాడు. ఏ ఒడ్డు చూసినా అరమైలు పైనే. ఆయనకి ఈత రాదు. సరస్సు ఒడ్డున పుట్టి పెరిగినా ఎప్పుడూ నేర్చుకోలేదు.

"పిల్లల ముందు ఏమిటీ వేషాలు?" అన్నాడు పళ్ళ బిగువున.

"పిల్లల సంగతే కాబట్టి పిల్లల ముందే."

"మెల్లిగా మాట్లాడు."

"మెల్లిగానే మాట్లాడుతున్నాను."

నిజంగానే గుసగుసగా మాట్లాడుతోంది. నీటి మీద మాట ఎంత దూరం పోతుందో సరస్సు ఒడ్డున బతికేవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. గాలి లేని రోజున అవతలి రేవు మీద ఎవరో దగ్గితే మా వరండాలో వినపడుతుంది. అందుకే మా దగ్గర ఇంటి గొడవలన్నీ కిటికీలు మూసుకునే పడతారు. మా చిన్నప్పుడు నాన్నే మాకది నేర్పాడు. రేవు మీద నిలబడి ఎవరి గురించీ ఏమీ అనకూడదు, అన్న మాట అన్నవాడి కంటే ముందు ఒడ్డు చేరుతుంది అనేవాడు.

"దాన్ని ఎందుకు పంపించాలి?" అంది అమ్మ. "దాని మంచికా? నీ మంచికా?"

"ఇద్దరి మంచికీ. బిడ్డ మంచికి కూడా. తండ్రి లేని పిల్లని నలుగురూ ఎలా చూస్తారో నీకు తెలియదా?"

"ఏ నలుగురు? పేర్లు చెప్పు."

నాన్న టోపీ సర్దుకున్నాడు.

"చెప్పు ఆర్డెల్. ఒక్క పేరు చెప్పు. నువ్వు భయపడుతున్న ఆ మనిషి ఇంటికి నేనే వెళ్ళి చెప్పేస్తాను, మా మార్లిస్ కడుపుతో ఉందని. నీకా శ్రమ కూడా ఉండదు."

"నీకు మతి పోయింది. కారు తియ్."

"దాన్ని పంపించనని ఒక్క మాట అను, తీస్తాను."

"అనను."

"అయితే కూర్చుందాం. నాకేం తొందర లేదు."

నా కాలికి చల్లగా ఏదో తగిలింది. కిందికి చూస్తే నా ఆదివారం బూట్ల కింద నీళ్ళు. ముందు నేను తెచ్చిన పూల నుంచి కారిన నీరేమో అనుకున్నాను. అవి ఎండు పూలంత పొడిగా ఉన్నాయి. నాన్న తలుపు అంచున సన్నటి ధార లోపలికి దిగుతోంది.

"అమ్మా, నీళ్ళు," అన్నాను.

ఇద్దరూ ఒకేసారి కిందికి చూశారు. తర్వాత ఇద్దరూ ఆ రెండో గొళ్ళెం వైపు చూశారు. అది పైకే ఉంది.

"నేను అడిగాను," అంది అమ్మ.

"నేను వేశానని చెప్పానా?"

"నొక్కు, ఆగిపోతుంది."

"నువ్వు తాళం తిప్పు. పంపు తోడేస్తుంది."

"నీ చేతికి జానెడు దూరంలో ఉంది ఆర్డెల్."

"తాళం నీ చేతిలోనే ఉంది ఐనెజ్."

మీరు నమ్మరు. ఆయన నొక్కలేదు, ఆవిడ తిప్పలేదు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు అయిన ఇద్దరు పెద్దమనుషులు, చర్చికి వేసుకెళ్ళిన బట్టల్లో, నడి సరస్సులో, బూట్లలోకి నీళ్ళు వస్తుంటే చేతులు కట్టుకు కూర్చున్నారు. గొళ్ళెం నొక్కితే అమ్మ మాట విన్నట్టవుతుంది. తాళం తిప్పితే నాన్న మాట నెగ్గినట్టవుతుంది. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. అప్పుడు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. సీటు కింద కాఫీ డబ్బా ఒకటుంటే తీసి నీళ్ళు తోడి బయటికి పొయ్యడం మొదలుపెట్టాను. నేను పోసేదాని కంటే వచ్చేదే ఎక్కువ.

"ఇంకో నాలుగు వేళ్ళు పెరిగితే ఇంజను తడుస్తుంది," అన్నాడు నాన్న. "అప్పుడు నువ్వు తాళం తిప్పినా ఒకటే, తిప్పకపోయినా ఒకటే."

"తెలుసు. నాలుగేళ్ళుగా నేనేగా తోలుతున్నది."

"పిల్లలున్నారు కారులో."

"ఆ మాట గుర్తుందా నీకు? ఇద్దరు పిల్లలున్నారు. అందులో ఒకదాన్ని రేపు పదింటికి సాగనంపుతున్నావు. దొంగసరుకు దాచినట్టు పంపిస్తున్నావు. దాని పురిటి నొప్పులకి పక్కన ఎవరుంటారో అడిగావా ఆ పాస్టరుని? దాని చెయ్యి ఎవరు పట్టుకుంటారో అడిగావా?"

"అక్కడ నర్సులుంటారు."

"నర్సులు. నీకు ఇన్‌ఫ్లుయెంజా వస్తేనే నేను రెండు రాత్రులు పక్కన కూర్చోవాల్సొచ్చింది."

"అదీ ఇదీ ఒకటా?"

"కాదు. నీది జలుబు."

నాన్న మెడ మీది నరాలు ఉబ్బడం వెనక నుంచి నాకు కనిపిస్తూనే ఉంది. అమ్మ ఆపలేదు. ఇన్నాళ్ళూ షెడ్డు తలుపుకి చెప్పుకున్నవన్నీ ఆవిడ ఒక్కొక్కటిగా బయటికి తీస్తోంది, అదీ గుసగుసగానే. "పిరికివాడివి ఆర్డెల్. కూతురి కంటే నీకు చర్చికి తొడుక్కెళ్ళే నీ కోటే ముఖ్యం. పుట్టబోయేది నీ రక్తం. దాన్ని ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఇచ్చేసి ఆ మర్నాడు నువ్వు అన్నం తినగలవా? చెప్పు. తినగలవా?"

అప్పుడు నాన్న నోరు తెరిచాడు.

ఆయన కావాలని అరిచాడని నేను ఈ రోజుకీ అనుకోను. నీళ్ళ మీద, ఆ సీట్లో కూర్చుని, నాలుగేళ్ళుగా ఇంజను చప్పుడుకి మించి మాట్లాడిన మనిషి. కోపంలో ఆ గొంతే వచ్చేసింది. ఇంజను ఆగిపోయి ఉందన్న సంగతి మరిచిపోయాడు.

"పెళ్ళి కాకుండా కడుపు తెచ్చుకున్న కూతుర్ని ఇంట్లో పెట్టుకుని, నేను ప్రతి ఆదివారం చర్చిలో కానుకల పళ్ళెం పట్టుకుని ఏ మొహంతో తిరగమంటావే!"

ఆ మాట నీళ్ళ మీద జారుకుంటూ వెళ్ళి అవతలి కొండకి తగిలి మళ్ళీ మా దగ్గరికొచ్చింది.

రేవుల మీద చప్పుళ్ళు ఆగిపోయాయి. అంతవరకూ ఈతపిల్లల కేకలు వినిపిస్తున్నాయని అవి ఆగాకే నాకు తెలిసింది. ఎవరో పెద్దవాళ్ళు ఒక పిల్లని ఉష్ అన్నారు. ఆ ఉష్ కూడా మాకు వినపడింది.

నాన్నకి తల కొట్టేసినట్టయింది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఎటు చూడాలో తెలియక తన మోకాళ్ళ వంక చూస్తూ ఉండిపోయాడు. ఏ మాట దాచడానికి మూడు వారాలుగా నిద్ర మానేశాడో ఆ మాటని తన నోటితో తనే ఊరందరికీ చెప్పేశాడు. నాకు ఆయన మీద జాలేసింది. అక్క వంక చూడాలంటే భయమేసింది.

అప్పుడు హిల్డర్ స్కోగ్ ముసలమ్మగారి గొంతు వినపడింది. ఆవిడ అరవలేదు. తన రేవు మీద గాలం పట్టుకుని కూర్చుని మామూలుగానే అంది. ఆ నిశ్శబ్దంలో ప్రతి మాటా మా చెవుల్లో పడింది.

"ఆర్డెల్, కాఫీ పెట్టాను. నలుగురూ ఇటే వచ్చెయ్యండి. ఆ పిల్లని అలా ఎండలో కూర్చోబెట్టకు."

నాన్న తల ఎత్తలేదు.

"విన్నావా?" అంది అమ్మ. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. గెలిచానన్న సంతోషం మొహం మీద కనిపిస్తూనే ఉంది. "ఊరు కూలిపోయిందా? కాఫీకి పిలిచారు. ఇక దాచడానికేం మిగిలింది? పంపించడానికి కారణం ఏం మిగిలింది?"

నీళ్ళు నా చీలమండలు దాటాయి.

అక్క లేచింది. ముందు సీటు మీదుగా వంగి, నాన్న భుజం పక్క నుంచి చెయ్యి కిందికి దింపి ఆ గొళ్ళెం గట్టిగా నొక్కింది. ధార ఆగిపోయింది. అక్క మళ్ళీ వెనక్కి కూర్చోలేదు. రెండు సీట్ల వీపులూ పట్టుకుని వాళ్ళిద్దరి మధ్యా నిలబడింది.

"అయిపోయిందా?" అంది.

"కూర్చో తల్లీ, పడతావు," అంది అమ్మ.

"మీ ఇద్దరిదీ అయిపోయిందా అని అడుగుతున్నాను."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. గట్టిగా లేదు, వణకలేదు. గుసగుసలాడటానికి కూడా అక్క ప్రయత్నించలేదు. ఊరు వింటుందని దానికి తెలుసు. విననీ అనుకుంది.

"నీ కోసమే కదే ఇదంతా," అంది అమ్మ.

"నా కోసం కాదమ్మా. నువ్వు నాన్నతో పోట్లాడుతున్నావు. నేను పుట్టక ముందు నుంచీ పోట్లాడుతున్నావు. ఈసారి దానికి నేను దొరికాను."

అమ్మ మొహంలో ఆ మెరుపు పోయింది.

"ఈ మూడు వారాల్లో మీరిద్దరూ నన్ను ఏమేం అడిగారో చెప్పనా? నాన్న ఏమీ అడగలేదు. నువ్వు పాలు తాగావా అని అడిగావు, దుంపలు చెక్కు తీశావా అని అడిగావు. నీకు ఏం చెయ్యాలనుందే అని ఒక్కరు అడిగారా? ఆ బిడ్డని ఉంచుకోవాలనుందా, ఇచ్చెయ్యాలనుందా అని, ఒక్కసారైనా? వంటింట్లో నువ్వు ఉంచుతానంటావు. షెడ్డులోంచి నాన్న పంపిస్తానంటాడు. మధ్యలో నేను మెట్ల మీద కూర్చుని వింటూ ఉన్నాను."

"ఉంచుకోవాలనే ఉంటుంది కదా ఎవరికైనా," అంది అమ్మ. కానీ ఆ మాట అంటున్నప్పుడే ఆవిడ గొంతులో అనుమానం దూరింది.

"పాస్టరుగారు పోయిన ఆదివారమే నాకొక కాగితం ఇచ్చారు," అంది అక్క. "నాకు పద్దెనిమిది దాటాయి కాబట్టి మీ సంతకాలు అక్కర్లేదట. నేను అక్కడికి వస్తానని, పురుడయ్యాక బిడ్డని వాళ్ళు చూసిన మనుషులకి అప్పగిస్తానని రాసుంది. రెండుసార్లు చదివాను. గురువారం సంతకం పెట్టాను."

కారు నెమ్మదిగా పక్కకి తిరుగుతోంది. నా కాఫీ డబ్బా నీళ్ళలో తేలుతోంది. నేను దాన్ని ఎప్పుడు వదిలేశానో నాకు తెలియదు.

"ఎవరు పెట్టమన్నారు నిన్ను?" అంది అమ్మ.

"ఎవరూ పెట్టమనలేదు. ఎవరూ వద్దనలేదు కూడా. అంత అరుపుల మధ్యలోకి ఒక పసిబిడ్డని తీసుకురావడం నాకు ఇష్టం లేకపోయింది. అదొక్కటే ఆలోచించాను."

అమ్మ గుప్పిట విప్పి తాళం వంక చూసుకుంది. దాంతో ఏం చెయ్యాలో మరిచిపోయినట్టుంది.

అప్పుడు నాన్న తల ఎత్తాడు. ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. చెయ్యి చాపాడు.

"ఆ కాగితం ఏదీ? ఇటివ్వు."

"చూశావా," అంది అమ్మ, ఏడుపు గొంతుతో. "ఇప్పుడు మనసు చల్లబడిందా? నువ్వు కోరుకున్నదే అయింది. తీసుకెళ్ళి మీ పాస్టరుకి ఇచ్చుకో."

"నువ్వు కాసేపు ఊరుకో ఐనెజ్." నాన్న అక్క వంకే చూస్తున్నాడు. "ఇవ్వమ్మా. చింపేస్తాను."

అక్క సీటు వీపులు వదల్లేదు. దానికి నమ్మకం కలగలేదు. నాకూ కలగలేదు.

"ఎందుకు నాన్నా? ఊరికి ఎలాగూ తెలిసిపోయింది, ఇక పంపినా లాభం లేదనా?"

"కాదు."

"మరి?"

నాన్న రేవుల వైపు చూశాడు. ముసలమ్మగారు గాలం పక్కన పెట్టి లేచి నిలబడింది. ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు. ఎవరూ లోపలికి పోలేదు. ఆయన గొంతు తగ్గించుకుంటాడనుకున్నాను. జీవితమంతా తగ్గించుకుంటూనే వచ్చాడు.

"సంతకం నువ్వు ఒక్కదానివే కూర్చుని పెట్టావంటే నాకు..." ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "రాత్రిళ్ళు షెడ్డులో ఏ పనీ చెయ్యలేకపోతున్నానే. పంపించాలని పగలు అనుకుంటాను. చీకటి పడేసరికి అది ఆడపిల్లో మగపిల్లాడో అని ఆలోచన వస్తుంది. నాకు దాన్ని ఎత్తుకోవాలనుంది మార్లిస్. అంతే. ఇంకేం లేదు."

ఆ మాట కూడా ఊరంతా విన్నది.

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇరవై రెండేళ్ళలో ఆయన ఆవిడకి కూడా మనసులో మాట అలా చెప్పి ఉండడు.

అక్క చాలాసేపు నాన్న మొహం వంక చూసింది. ఏదో వెతుకుతున్నట్టు చూసింది. అంతవరకూ ఒక్క చుక్క కన్నీరు పెట్టని మనిషి, సీటు వీపు పట్టుకుని అలాగే కిందికి కూలబడిపోయింది.

నాన్న చాపిన చెయ్యి ఇంకా అలాగే ఉంది.

"ఈ మాట మొన్న అని ఉంటే సరిపోయేది నాన్నా," అంది. "ఆ కాగితం ఇప్పుడు నా దగ్గర లేదు. శుక్రవారం పొద్దున్నే సెయింట్ పాల్‌కి పోస్టులో వేసేశాను."